కండ్లద్దాల ప్రోగ్రాం

పాకాల జంక్షనులో బండి దిగి గూడ్సు షెడ్డు వైపు నడిస్తే రెండో సందులో కృపారాణి ఇల్లు. ఇల్లంటే ముందొక గది, వెనక వంటగది, అంతే. నలభై నాలుగేళ్ళ మనిషి, ఒక్కతే ఉంటుంది. అక్క స్టెల్లా వేలూరులో నర్సు. క్రిస్మస్‌కు రమ్మంటుంది, వెళితే రెండోరోజుకే డ్యూటీ ఉందంటుంది. చుట్టుపక్కల వాళ్ళకు కృపారాణి కంప్యూటరు పని చేస్తుందని తెలుసు గానీ ఆ పని ఏమిటో తెలియదు. ఎదురింటి ఆవిడ ఒకసారి అడిగింది, “ఆధార్ కార్డులో పేరు మారుస్తావా పాపా?” అని. తనకు రాదని చెప్పింది. ఆ తర్వాత ఆ సందులో ఎవరూ ఆమెను పని గురించి అడగలేదు.

ఆమె పని కాటాలకు ప్రోగ్రాం రాయడం. ట్రాక్టర్లూ లారీలూ పైకెక్కి నిలబడే పెద్ద కాటా పక్కన ఒక చిన్న గది ఉంటుంది. ఆ గదిలో కంప్యూటరు తెర మీద బరువు కనిపించాలి. సరుకుతో వచ్చిన బండి బరువూ, దించాక ఖాళీ బండి బరువూ పట్టుకుని, తేడా తీసి, చీటీ బయటికి రావాలి. మామిడి మండీలు, గుజ్జు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు, రాళ్ళ క్వారీలు, అన్నీ కలిపి నలభై రెండు చోట్ల ఆ ప్రోగ్రాం నడుస్తోంది. దాని పేరు ‘తూనిక’. ఆ పేరుతో దాన్ని పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

దాన్ని రాయించినవాడు యోగానంద. తిరుపతిలో రైల్వే స్టేషను వెనక వీధిలో, ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ‘యోగానంద స్కేల్స్’ అని బోర్డు కట్టాడు. మొదట్లో చిల్లర కొట్ల త్రాసులు బాగుచేసేవాడు, ఆ తర్వాత పెద్ద కాటాలు అమర్చడంలోకి దిగాడు. కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాం కావలసివచ్చింది. రెండు వేల ఆరులో చిత్తూరులో కంప్యూటరు డిప్లొమా చేసిన పిల్ల ఒకతె పని వెతుక్కుంటోందని ఎవరో చెబితే పిలిపించాడు. కృపారాణి వచ్చింది. “నాకు దాంట్లో అ ఆ లు కూడా రావు. నువ్వు చేస్తానంటే చెయ్. కాదంటే ఇప్పుడే చెప్పేయ్, ఇద్దరికీ పొద్దు మిగుల్తాది,” అన్నాడు. చేస్తానంది.

ఆరు నెలలకు మొదటి ప్రోగ్రాం తయారైంది. దామలచెరువులో ఒక మామిడి మండీ కాటాకు దాన్ని పెట్టి వచ్చారు. ఆ కాటా మీద పనిచేసేవాడి పేరు చిన్నబ్బ. మూడో తరగతి వరకు చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు పట్టుబడవు. రెండోరోజే ఫోను చేశాడు. తెర మీద తెల్ల డబ్బాలు నాలుగున్నాయని, నాలుగూ ఒకే మాదిరిగా ఉన్నాయని, దేని మీద నొక్కాలో తెలియక అన్నీ నొక్కితే ఏదేదో తెరుచుకుందని చెప్పాడు. ఆ పూట ట్రాక్టర్లన్నీ మండీ వాకిట్లో నిలబడిపోయాయి.

యోగానంద ఫోను పెట్టేసి ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“ఏం కృపా, దానికేదన్నా ఒక బొమ్మ పెట్టేదానికి కాదా?”

“అవుతుంది సార్. ఎట్లా పెట్టాలో నేను తెలుసుకోవాలి.”

ప్రోగ్రాం రాసి కంపైల్ చేస్తే ఒక ఫైలు తయారవుతుంది. దానికి మనం ఏ బొమ్మా పెట్టకపోతే విండోస్ తనంతట తాను ఒక తెల్ల డబ్బా తగిలిస్తుంది. మనం పెట్టే బొమ్మ ఆ ఫైలు పక్కన ఉంటే చాలదు, దాని కడుపులోనే ఉండాలి. అప్పుడే ఏ కంప్యూటరుకు మోసుకుపోయినా బొమ్మ కూడా వెంట పోతుంది. బొమ్మ ఫలానా చోట ఉందని ఒక చిన్న ఫైల్లో ఒకే ఒక వరస రాయాలి. ఆ ఫైలును రిసోర్స్ కంపైలరు అనే ఇంకో ప్రోగ్రాముకిస్తే అదొక ముక్క తయారుచేసి ఇస్తుంది. ఆ ముక్కను అసలు ప్రోగ్రాముతో కలిపి మళ్ళీ కట్టాలి. చెబితే ఇంతే. ఇది చెప్పేవాళ్ళు లేక కృపారాణికి నాలుగు రోజులు పట్టింది. సాయంత్రాలు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, కాగితం మీద రాసుకుని, ఆఖరి బండికి పాకాల పోయేది.

బొమ్మ కూడా ఆమే గీసింది. అడ్డంగా పదహారు గళ్ళు, నిలువుగా పదహారు గళ్ళు. ఒక్కొక్క గడికీ ఒక రంగు. తక్కెడ గీద్దామనుకుంది. నడుమ కడ్డీ, రెండు పక్కలా రెండు పళ్ళేలు. పదహారు గళ్ళలో తక్కెడ ఎక్కడ పడుతుంది? పళ్ళేలు గుండ్రాలైపోయాయి, కడ్డీ చిన్న ముక్కై ఆ రెంటినీ కలిపింది. పెద్ద సైజు బొమ్మ వేరేగా పెట్టాలని ఆమెకు అప్పటికి తెలియదు. తెర మీద ఆ చిన్నదే సాగి కూర్చుంది.

కొత్త ప్రోగ్రాం పెట్టిన మర్నాడు చిన్నబ్బ ఫోను చేశాడు. యోగానంద అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాడు. అందరూ అంటే ఆమె ఒక్కతే.

“ఇప్పుడు బాగుండాది సారూ. ఆ కండ్లద్దాల మీద రెండు తూర్లు కొడితే వచ్చేస్తాండాది.”

యోగానంద నవ్వి నవ్వి, తన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. కృపారాణి సిగ్గుపడి, సరిగ్గా గీసి మళ్ళీ పెడతానంది.

“వద్దు, వద్దు. వాడికి గుర్తు పడింది గదా, ఇంకేం. అద్దాలుగానే ఉండనీ.”

అప్పటినుంచి కాటాల దగ్గర అది కండ్లద్దాల ప్రోగ్రాం అయింది. పెద్ద సైజులు ఎలా పెట్టాలో నేర్చుకున్నాక కృపారాణి కండ్లద్దాలనే శుభ్రంగా, నల్లటి ఫ్రేముతో గీసింది.

బొమ్మ వచ్చాక యోగానందకు ఇంకో కోరిక పుట్టింది. ఎవరో చూపించారట, ఏ ప్రోగ్రాం మీదైనా మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి పోతే దాన్ని ఏ కంపెనీ చేసిందో, ఎన్నో వెర్షనో ఉంటుందని. తమదాంట్లో చూస్తే అన్నీ ఖాళీ. “ఊరూ పేరూ లేని దాని మాదిరి ఉండాదే కృపా,” అన్నాడు. ఆ వివరాలు కూడా ఆ చిన్న ఫైల్లోనే రాయాలి. కంపెనీ పేరు, ప్రోగ్రాం పేరు, హక్కులు ఎవరివి, ఏ సంవత్సరం నుంచి, వెర్షన్ నంబరు. ఆ నంబరును ఒకచోట కామాలతో, ఇంకోచోట చుక్కలతో రాయాలి. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే ఒకే ఫైలు రెండు నంబర్లు చెబుతుంది.

యోగానందకు తన కంపెనీ పేరు తెలుగులోనే కావాలి. రాసింది. కంపైల్ చేసి చూస్తే పేరుండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “ఏందబ్బా, మనల్ని అదే అడగతాండాది, ఎవురు మీరు అని?” అన్నాడు. ఆ చిన్న ఫైలును తెలుగు పట్టే పద్ధతిలో సేవ్ చేయాలని, తెలుగు భాషకు వేరే సంఖ్య ఒకటి వేయాలని తెలుసుకునేసరికి వారం గడిచింది. చివరికి ఒక మధ్యాహ్నం ‘యోగానంద స్కేల్స్, తిరుపతి’ అని తెలుగు అక్షరాలు వచ్చాయి. ఆయన లేచి నిలబడి, వంగి, చదివాడు. కింద మందుల షాపు ఆయనను పిలుచుకొచ్చి చూపించాడు. ఆయనకు అదేమిటో అర్థం కాలేదు, బాగుందన్నాడు.

ఆ రోజునుంచి కొత్త వెర్షన్ తయారైన ప్రతిసారీ అదే తతంగం. యోగానంద తన కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంటాడు. ఆమె కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరుస్తుంది. ఆయన పై నుంచి కింది దాకా చదివి, “సరే, పంపించెయ్,” అంటాడు. ఏడాదికి మూడు నాలుగు వెర్షన్లు. పదహారేళ్ళు.

ఆ పదహారేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య చెప్పుకోదగ్గ సంభాషణ ఏదీ జరగలేదనే చెప్పాలి. ఎవరి టేబుల్ దగ్గర వాళ్ళు క్యారియరు విప్పుకునేవాళ్ళు. ఆయన ఇంటి నుంచి వచ్చే పెరుగన్నంలోకి ఆమె తెచ్చిన ఊరగాయ వెళ్ళేది. ఏదైనా కాటా తప్పు చూపిస్తోందంటే ఇద్దరూ బస్సులో పోయేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ పక్కన నిద్రపోయేవాడు. కృపారాణి తల్లి చనిపోయినప్పుడు ఆయన ఆఫీసు మూసి పాకాల వచ్చాడు. సమాధుల తోటలోకి రావచ్చో రాకూడదో తెలియక గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు ప్రార్థన అయ్యేదాకా నిలబడి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆమెను ‘నీకు పెళ్ళెందుకు కాలేదు’ అని అడగని మనిషి ఆ రోజుల్లో ఆయనొక్కడే.

రెండు వేల ఇరవై రెండు నవంబరులో, ఆమె ఇంకా బండిలో ఉండగానే ఫోను వచ్చింది. చేసింది మందుల షాపు ఆయన. పొద్దున స్నానానికి వెళ్ళిన యోగానంద బయటికి రాలేదు. గుండె.

ఆమె స్టేషను నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. వరండా నిండా మనుషులు. భార్య ఎప్పుడో పోయింది, ఒక్కతే కూతురు హేమశ్రీ బెంగుళూరు నుంచి ఇంకా దారిలోనే ఉంది. చుట్టాల్లో ఒక పెద్దాయన కృపారాణిని ఎగాదిగా చూసి, “మీరెవరమ్మా?” అన్నాడు.

“ఆఫీసులో పని చేస్తాను.”

“మంచిదమ్మా. ఆఫీసోళ్ళకంతా నువ్వే చెప్పెయ్. మాకు ఎవురి నంబర్లూ తెలవవు.”

సరేనని తలూపింది. ఆఫీసంటే ఇంకెవరూ లేరని ఆయనకు ఎలా చెప్పడం? ఆడవాళ్ళు కూర్చున్న వైపు చోటు లేక గోడ పక్కన నిలబడింది. హేమశ్రీ వచ్చాక, మూడు గంటలకు తీసుకుపోయారు. వీధి చివరిదాకా చూసి, సాయంత్రం బండికి పాకాల వచ్చేసింది. ఇంట్లో పొద్దుటి క్యారియరు అట్లాగే ఉంది. విప్పి కడిగి బోర్లించింది.

నెలయ్యాక హేమశ్రీ ఆఫీసు ఖాళీ చేసింది. మంచిపిల్లే. “ఆంటీ, ఆ కంప్యూటరు మీరే తీసుకోండి. నాన్న సెల్లు కూడా. పొద్దస్తమానం ఎవరో ఒకరు చేస్తా ఉన్నారు, నాకేం చెప్పాలో తెలీడం లేదు,” అంది. కంప్యూటరునూ ఫోన్‌నూ కృపారాణి ఆటోలో పెట్టుకుని, బండెక్కించుకుని, ముందు గదిలో కిటికీ కింద అమర్చుకుంది.

ఆ ఫోను మోగుతూనే ఉండేది. చీటీ సరిగ్గా రావడం లేదని ఒకరు, తేదీ తప్పు పడుతోందని ఒకరు.

“సారు లేరా?” అనేవాళ్ళు.

“లేరు,” అనేది. “సమస్య ఏమిటో నాకు చెప్పండి.”

చెప్పేవాళ్ళు. ఆమె సరిచేసేది. లేరన్న మాట అవతలివాళ్ళకు ఎలా వినబడిందో ఆమె విడమరిచి చూసుకోలేదు. బయటికి పోయి ఉంటాడనుకునేవాళ్ళు అట్లా అనుకున్నారు. తెలిసినవాళ్ళకు తెలిసింది. ఆమె అబద్ధం చెప్పలేదు. నిజం కూడా చెప్పలేదు.

కొత్త వెర్షన్లు రాస్తూనే ఉంది. విండోస్ మారినప్పుడు ఒకటి, ప్రింటర్లు మారినప్పుడు ఒకటి. ప్రతిదాంట్లో కంపెనీ పేరు అదే, హక్కులూ ఆయనవే, పక్కన సంవత్సరం మాత్రం మార్చేది. రెండు వేల ఆరు నుంచి ఇరవై మూడు వరకు. ఆ తర్వాత ఇరవై నాలుగు వరకు. ఎవరూ చేయమని చెప్పలేదు, వద్దన్నవాళ్ళూ లేరు. తయారయ్యాక కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ తెరిచి, పై నుంచి కింది దాకా ఒకసారి చదివేది. గదిలో ఫ్యాను చప్పుడు, బయట ఇంజను మార్చుకునే రైళ్ళ చప్పుడు. పంపించేసేది.

రెండు వేల ఇరవై ఐదు ఏప్రిల్‌లో మునిప్రసాద్ అనే ఆయన ఫోను చేశాడు. చిత్తూరులో ఎలక్ట్రానిక్ త్రాసుల వ్యాపారం, నలభై లోపు మనిషి. హేమశ్రీతో మాట్లాడి పాత ఖాతాదార్లనూ ప్రోగ్రామునూ తాను తీసుకున్నానని చెప్పాడు. కృపారాణిని చిత్తూరుకు పిలిచి మర్యాదగా కూర్చోబెట్టాడు.

“అక్కా, మీరు లేకపోతే ఇది లేదు, నాకు తెలుసు. వారానికి రెండు దినాలు ఈడికి వస్తే సాలు. మిగతాదంతా మీరు ఇంట్లోనే చేసుకోండి. ఒకే ఒకటి, ఇంక మన కంపెనీ పేరు పెట్టల్ల. బొమ్మ కూడా మార్చల్ల. ఆ కండ్లద్దాలేందక్కా, అద్దాల షాపు మాదిరి!”

అందులో తప్పేమీ లేదు. కొనుక్కున్నవాడు తన పేరు పెట్టుకుంటాడు. కృపారాణి లాప్‌టాప్ తెరిచి అక్కడే పని మొదలుపెట్టింది. నీలం రంగు అక్షరం ఒకటి గుండ్రటి గీతలో, అది ఆయన కంపెనీ గుర్తు. నాలుగు సైజుల్లో సిద్ధంగా ఇచ్చాడు. ఆమె చిన్న ఫైలు తెరిచింది. బొమ్మ వరస మార్చింది. కంపెనీ పేరు, హక్కుల వరస మార్చింది. వెర్షన్ ఐదు అని ఒకచోట కామాలతో, ఒకచోట చుక్కలతో వేసింది. కంపైల్ చేయడానికి నిమిషం కూడా పట్టలేదు. పదహారేళ్ళు ఆయన, రెండున్నరేళ్ళు ఆమె ఒక్కతే కాపాడుకొచ్చిన వరసలు. చెరపడానికి ఇంత తక్కువ సేపు పడుతుందని ఆమె అనుకోలేదు.

ఆ ఫైలును మునిప్రసాద్ కంప్యూటరులో పాతదాని మీద వేసింది. ఆయన తెర వైపు చూసి అన్నాడు, “ఇంకా అద్దాలే ఉండాయే అక్కా?”

నిజమే. నల్ల ఫ్రేము కండ్లద్దాలు అట్లాగే ఉన్నాయి.

“మార్చినాను. కంప్యూటరు పాత బొమ్మను గుర్తు పెట్టుకుని అదే చూపిస్తా ఉంటుంది. ఒకసారి ఆపి మళ్ళీ వేయండి, పోతుంది.”

ఆపి వేశాడు. ఆ రెండు నిమిషాలూ ఇద్దరూ నల్లటి తెర వైపు చూస్తూ కూర్చున్నారు. తెర వెలిగింది. నీలం అక్షరం వచ్చింది. ఆయన సంతోషంగా, “ఇప్పుడు బాగుండాది,” అన్నాడు. కృపారాణి మంచినీళ్ళు అడిగింది.

జూన్ మొదటి వారంలో, మామిడి జోరుగా వస్తున్నప్పుడు, కొత్త వెర్షన్ అన్ని కాటాలకూ వెళ్ళింది. మూడో నాడు పొద్దున్నే, ఆమె కాఫీ పెట్టుకుంటుండగా పాత సెల్లు మోగింది.

“పాపా, నేను చిన్నబ్బను. కండ్లద్దాలు యాడికి పోయినాయి? తెల్లార్నించీ ఎతకతాండా. ఏందో నీలం బిళ్ళొకటి ఉండాది, దాని మీద కొట్టేదానికి భయమైతాండాది. ఈడ ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడిపోయినాయి. సారుకియ్యి ఒకసారి.”

“సారు లేరన్నా. ఆ నీలందే నొక్కు, అదే మన ప్రోగ్రాం.”

“అదేనని నాకెట్లా తెలస్తాది? ఇంకేదన్నా అయితే మండీ ఓనరు నన్ను తిడతాడు. నువ్వొచ్చి సూపించు పాపా.”

పాకాల నుంచి దామలచెరువు ఎంతో దూరం లేదు. బస్సులో అరగంట కూడా పట్టదు. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వెళ్ళింది. మండీ రోడ్డంతా తోతాపురి కాయల వాసన. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి, డ్రైవర్లు దిగి నీడన కూర్చుని ఉన్నారు. కాటా గదిలో చిన్నబ్బ తెరకు ఎదురుగా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆమె వచ్చి ఎన్నేళ్ళయిందో ఆ జుట్టు చూస్తే తెలిసింది.

ఆమె నీలం బొమ్మ మీద రెండుసార్లు నొక్కింది. తెలిసిన తెరే తెరుచుకుంది. చిన్నబ్బ ఊపిరి వదిలాడు. నాలుగు ట్రాక్టర్లు వరసగా తూచి పంపాడు. కాస్త ఊపిరి సలిపాక అడిగాడు.

“ఈ కంప్యూటరు మూడు తూర్లు మారింది పాపా. కుర్చీ మారింది, పైన రేకులు మారినాయి. అద్దాలు మాత్రం మారలా. ఇప్పుడెందుకు మార్పించినాడు సారు?”

“సారు మార్పించలేదు. సారు లేరన్నా.”

“లేడు, తెలుసులే. ఎప్పుడు ఫోను సేసినా లేరంటావు. అంతగా యాడ తిరగతాండాడు ఆ మనిషి? ఒకపారి ఈ పక్క రమ్మను. కాటా ఎక్కి తూకం సూసుకోని శానా నాళ్ళాయ.”

కృపారాణి సంచీ ఒళ్ళోకి తీసుకుంది.

“చనిపోయినారన్నా. రెండున్నరేళ్ళయింది.”

కాటా మీదికెక్కిన ట్రాక్టరు హారన్ కొట్టింది. చిన్నబ్బ లేచి గుమ్మంలోకి పోయి, “ఒక అరగంట కాటా లేదు, దింపుకో!” అని కేక వేశాడు. డ్రైవరు ఏదో అన్నాడు. “లేదంటే లేదప్పా!” అని తిరిగి వచ్చి, కుర్చీలో కాకుండా మూలనున్న ఖాళీ గోతాల మీద కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు.

“ఎంత కష్టమొచ్చింది పాపా నీకు.”

ఆమె ఒళ్ళోని సంచీ కింద పెట్టింది.

“ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఆ ఫోను ఎత్తతాంటివా? మేమంతా సారు యాడ సారు యాడ అని అడగతానే ఉంటిమే. ఎట్లా తట్టుకుంటివి తల్లా.”

యోగానంద పోయిన రోజునుంచి ఇంతవరకు కృపారాణితో ఆ మాట ఎవరూ అనలేదు. అనడానికి ఆమె ఆయనకు ఏమవుతుంది? భార్య కాదు, చెల్లెలు కాదు, కూతురు కాదు. చావింట్లో గోడ పక్కన నిలబడి వచ్చిన మనిషి. అక్కతో చెబితే, “పోనీలే, ఇంకో ఉద్యోగం చూసుకో,” అంది. పాస్టరు ప్రార్థనలో ఆ పేరు తలచలేదు. ఈ గదిలో, గోతాల మీద కూర్చున్న ఈ ముసలాయన మాత్రం పోగొట్టుకున్నది ఆమేనని అడక్కుండానే తెలుసుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిన్నబ్బ ఊరుకోమని అనలేదు. లేచిపోయి, మండీ వెనక గదిలో వంట చేస్తున్న భార్య సిద్ధమ్మను పిలుచుకొచ్చాడు.

సిద్ధమ్మ టీ తెచ్చి చేతికిచ్చి, ఆమె పక్కనే గోడకానుకుని కూర్చుంది. చిన్నబ్బ చెప్పుకుపోయాడు. “ఈ కాటా పెట్టిన దినం సారే మొదట ఎక్కినాడు. డెబ్బై కిలోలు. ఆ తరవాత వచ్చినప్పుడంతా ఎక్కేటోడు. ఒకతూరి ఎనభై సూపించె. కాటాలో ఏందో తప్పుండాదిరా చిన్నబ్బా అని గంటసేపు అంతా ఇప్పి సూసినాడు. తప్పు యాడుంటాది? తిన్నది తిన్నట్టు సూపించె అది.” సిద్ధమ్మ నవ్వింది. కృపారాణికీ నవ్వొచ్చింది. ఆ రోజు తానూ పక్కనే ఉంది, తీగలు పట్టుకుని. మరిచేపోయింది.

“యాడ పోయినాడు? ఇంట్లోనేనా?” అని సిద్ధమ్మ అడిగింది. చెప్పింది. పొద్దున బండిలో ఫోను రావడం, వరండా, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న, ఇంటికొచ్చి క్యారియరు కడగడం, అన్నీ వరసగా చెప్పింది. ఒకరికి మొదటినుంచి చివరిదాకా చెప్పడం అదే మొదలు.

అరగంట దాటింది. బయట డ్రైవర్లు సణుగుతున్నారు. చిన్నబ్బ మళ్ళీ కుర్చీలోకి మారాడు. కృపారాణి ఆ గదిలోనే లాప్‌టాప్ తెరిచి మునిప్రసాద్‌కు ఫోను చేసింది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి కావడంతో ఎట్లా మొదలుపెట్టాలో తెలియక సూటిగా అనేసింది.

“ప్రసాద్, కాటాల దగ్గర వాళ్ళు బొమ్మను చూసే ప్రోగ్రాం తెరుస్తారు. చాలామంది అక్షరాలు చదవరు. సీజను మధ్యలో బొమ్మ మార్చడం నా తప్పు, ముందే చెప్పి ఉండాల్సింది. పాతది పెట్టేస్తాను.”



“పొద్దున్నించి నాక్కూడా ఏడు ఫోన్లు వచ్చినాయిలే అక్కా. అద్దాలు యాడ, అద్దాలు యాడ అని. పెట్టేయండి. పేరు మాత్రం మనదే ఉండనీండి.”

“పేరు మీదే. దాన్ని తాకను.”

బొమ్మ వరస ఒక్కటి మార్చి కంపైల్ చేసింది. చిన్నబ్బ కంప్యూటరులో వేసి, ఆపి మళ్ళీ వేసింది. సిద్ధమ్మ అన్నం తినిపోమంది. కాటా గది గుమ్మంలో కూర్చుని వంకాయ పులుసుతో తిన్నది. ఎవరితోనైనా కూర్చుని మధ్యాహ్నం అన్నం తిని చాలా రోజులైంది. తిరిగి వచ్చేటప్పుడు సిద్ధమ్మ సంచీ నిండా కాయలు పెట్టింది. ఒక్కదానికి అన్నెందుకని చెప్పినా వినలేదు. వాటిలో సగం ఎదురింటికిచ్చింది. ఆవిడ తీసుకుంది, గుమ్మంలోనే నిలబడి రెండు మాటలు మాట్లాడి తలుపు వేసుకుంది. మిగిలినవి ఇంట్లో మూడు రోజులు వాసన వేసి, కొన్ని మెత్తబడిపోయాయి.

ఆ వారంలో కృపారాణి ఇంకో పని పెట్టుకుంది. మిగిలిన నలభై ఒక్క చోట్లకూ తానే ఫోను చేయసాగింది. ముందు బొమ్మ సంగతి చెప్పేది. పాతదే మళ్ళీ వస్తోంది, కంగారు పడవద్దని. ఆ తర్వాత రెండో మాట. “యోగానంద సారు చనిపోయినారు. రెండు వేల ఇరవై రెండు నవంబరులో. నేను అప్పుడే చెప్పాల్సింది.” కొందరికి ఎప్పుడో తెలుసట. కొందరు అయ్యో అని, ఇంకో ఫోను వస్తోందని పెట్టేశారు. యోగానందను ఎప్పుడూ చూడని కొత్తవాళ్ళు ఎవరాయన అన్నారు. వాళ్ళకు కాటా ఆయనే పెట్టించాడని చెప్పింది. ఒక రైసు మిల్లు ఆయన మాత్రం తన పెళ్ళికి ఆయన వచ్చాడని చెప్పి చాలాసేపు మాట్లాడాడు. రోజుకు నలుగురైదుగురి కంటే ఎక్కువ చేయలేకపోయింది. మాట పూర్తయ్యాక కాసేపు ఊరికే కూర్చోవలసి వచ్చేది.

తొమ్మిదో రోజున ఆఖరి ఫోను నగరి దగ్గర ఒక క్వారీకి. ఎత్తినవాడు సగం తమిళం, సగం తెలుగు మాట్లాడాడు. అంతా విని, “పావం, నల్ల మనిషి,” అన్నాడు, తమిళంలో మంచి మనిషని. ఆ తర్వాత, ఎట్లాగూ మీరే ఫోను చేశారు గదా అని, ప్రింటరు సంగతి ఎత్తాడు. చీటీ కింది అంచు రెండు వారాలుగా కోసుకుపోతోందట. కృపారాణి కాగితం పొడుగెంతో కొలిచి చెప్పమంది. అతను స్కేలు కోసం వెతుకుతున్న చప్పుడు వినబడింది. ఆమె పెన్ను తీసుకుని, ఫోను చెవికి ఆనించుకుని, కనిపెట్టుకుని కూర్చుంది.